కొలతలు అని రాసిన క్యాసెట్

ముప్పై ఏళ్లు అతని నోట్లో గుండుసూదులు ఉన్నాయి. పొద్దున షాపు తలుపు తీసి, పెదవుల మధ్య అరడజను సూదులు వరసగా పెట్టుకున్నాడంటే, మధ్యాహ్నం భోజనానికి తప్ప అవి బయటికి వచ్చేవి కావు. నోట్లో సూదులున్న మనిషి నవ్వడు, దగ్గడు, జవాబు చెప్పడు. చేతులు ఎత్తమని కళ్లతో చెబుతాడు. వెనక్కి తిరగమని గడ్డంతో చెబుతాడు. వీధి వీధంతా అతన్ని సూదుల మాస్టారు అనేది.

ఆ మౌనం అతనికి ఎన్నడూ బరువనిపించలేదు. పక్కన భార్య ఉండేది. కాజాలు కుడుతూ, గుండీలు వేస్తూ, అంచులు మడుస్తూ, అతని వాటా మాటలు కూడా కలిపి తనే మాట్లాడేది. వాన గురించి, పక్కింటి గోడ గురించి, ప్యాంటు కుట్టించుకుని తీసుకెళ్లడానికి ఇంకా రాని మనిషి గురించి, రాత్రి కలలోకి కూడా వచ్చిన అదే ప్యాంటు గురించి. ఆ మాటలు మిషను చప్పుడులో కలిసిపోయి షాపులో ఒక వాతావరణంలా ఉండేవి. వాతావరణాన్ని ఎవరూ వినరు. అందులో ఉంటారు, అంతే.

ఆమెను వీధి రేడియో అనేది.

"మాస్టారూ, మీ రేడియోకి బటన్ ఎక్కడుందండీ?" అని ఓసారి ఎవరో అడిగితే, అతను సూదులు తియ్యకుండానే వేలెత్తి ఆకాశం చూపించాడు. ఆమె ఊరుకుంటుందా! "చూశారా, ఊరందరికీ బటన్లు కుట్టే మనిషికి సొంతింట్లో బటన్ దొరకలేదట పాపం!" అంది.

ఆమెకు రాని మాట ఒక్కటే. 'సరే.' ముప్పై ఏళ్ల కాపురంలో ఏ సంగతికీ ఆమె సరే అనలేదు. ఒప్పుకున్నప్పుడు కూడా "ఏడిశారులెండి, కానివ్వండి" అనేది.

ఏడు నెలల కింద ఒక ఉదయం ఆమె సూదిలోకి దారం ఎక్కిస్తోంది. ఎక్కలేదు. కొస తడిచేసి మళ్లీ పెట్టింది. ఎక్కలేదు. అతను చూస్తూనే ఉన్నాడు, నోరు నిండా సూదులతో. ఆమె అతని వైపు తిరిగి ఏదో అనబోయింది. పెదవి ఒక పక్కకి జారింది. ముప్పై ఏళ్లుగా కురుస్తున్నదేదో ఆ క్షణాన ఆగిపోయింది.

మెదడులో ఎడమవైపు సన్నని రక్తనాళం ఒకటి మూసుకుపోయిందన్నారు ఆసుపత్రిలో. కాలు తిరిగి వచ్చింది. చెయ్యి సగం వచ్చింది. మాట రాలేదు. మూడో వారంలో, పగిలిన కుండ అడుగున మిగిలిన చుక్కలా, ఒకే ఒక్క మాట వచ్చింది.

"సరే."

ఆకలేస్తోందా అంటే సరే. నొప్పిగా ఉందా అంటే సరే. నేనెవర్నో చెప్పు అని అడిగితే, అతని ముఖంలోకి చాలాసేపు చూసి, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే, సరే.

ఆ రోజు నుంచి అతను నోట్లో సూదులు పెట్టుకోవడం మానేశాడు. మణికట్టుకి ఒక మెత్త కట్టుకుని వాటిని దానికి గుచ్చడం మొదలుపెట్టాడు. ఖాళీ అయిన నోటితో మాట్లాడటం నేర్చుకున్నాడు. అతని మాటలు కొత్త చొక్కా కాలర్లలా బిరుసుగా ఉండేవి. "ఇవాళ ఎండగా ఉంది" అనేవాడు. ఆ తర్వాత ఏమనాలో తెలిసేది కాదు. ఆమెకి ఎలా తెలిసేదో ఇన్నేళ్లూ!

మాట నేర్పే డాక్టరమ్మ గదిలో బల్ల మీద బొమ్మల అట్టలు ఉండేవి. కప్పు, తాళంచెవి, కుర్చీ, చెట్టు. అతని భార్య అన్నింటికీ సరే అంది. డాక్టరమ్మ అట్టలు పక్కన పెట్టి అతన్ని అడిగింది.

"ఆవిడ ఇంట్లో పాటలు పాడేవారా?"

"పోట్లాడేదండీ."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది. "మాటా పాటా తలలో ఒకే గదిలో ఉండవు మాస్టారూ. ఈ గదికి తాళం పడ్డా, ఆ గదిలోంచి ఒక్కోసారి నాలుగు మాటలు బయటికొస్తాయి. తెలిసిన పాట పెట్టి, చేతికి మైకిచ్చి, తన గొంతు తనకే గట్టిగా వినపడేలా పాడించండి. కారియోకీ అంటారే, అలాగ. ఇంకోటి. ఆవిడ పాత గొంతు ఎక్కడన్నా రికార్డయి ఉంటే తీసుకురండి. తన మాట తను వింటే కొందరిలో కదలిక వస్తుంది."

"ఎన్నాళ్లకి వస్తుందండీ?"

డాక్టరమ్మ అట్టలన్నీ అంచులు కలిపి సర్దింది. "వచ్చేది మొదటి ఏడాదిలోనే ఎక్కువ వస్తుంది. ఆలస్యం చెయ్యకండి."

అంటే ఇంకా ఐదు నెలలు.

ఆమె గొంతు కోసం అతను వెతకని చోటు లేదు. పెళ్లి వీడియో పెట్టి చూశాడు. అందులో వాయిద్యాల మోత తప్ప మాట లేదు. జీవితంలో ఆ ఒక్కరోజే ఆమె తల వంచుకుని నోరు మూసుకుంది. మరదల్ని అడిగాడు. అక్క పంపిన మాటలన్నీ పాత ఫోనుతోనే పోయాయంది.

"రేడియోని ఎవరు రికార్డు చేసి పెట్టుకుంటారు బావా? ఎప్పుడు తిప్పినా మోగుతుంది కదా అనుకున్నాం."

ఆమెకి భాషంతా తిరిగి రావాలని అతను కోరుకోలేదు. అంత ఆశ అతని ఒంటికి వదులవుతుంది. ఒక్క 'ఏమండీ' చాలు. విసుగ్గా అన్నా చాలు.

గొంతు దొరకలేదు. ఇక మిగిలింది పాట. షాపులో మూల అలమరా మీద రెండు స్పీకర్ల పాత క్యాసెట్ సెట్టు ఉంది. సొరుగులో ఒక మైకు కూడా ఉంది, ఒకప్పుడు వాడాక పక్కన పడేసింది. మైకు పిన్ను సెట్టు వెనక ఉన్న రంధ్రంలో గుచ్చి "హలో" అన్నాడు. చీమ చిటుక్కుమన్నంత కూడా వినపడలేదు. వీధి చివర రేడియో మెకానిక్ దగ్గరికి పోయాడు.

"వెనకున్న ఆక్స్‌లో గుచ్చారా? రాదు మాస్టారూ," అన్నాడు మెకానిక్, తల ఎత్తకుండా. "మైకు చెప్పేది గుసగుస. ఆ రంధ్రం కేకేస్తే గాని వినదు. గుసగుసని కేక చేసే డబ్బాలు బజార్లో అమ్ముతారు గాని, మీకెందుకు? మీ సెట్టు కడుపులోనే ఒకటి ఉంది, క్యాసెట్ రికార్డు చేసే వైపు. ముందుపక్క చిన్న మైకు బొమ్మ ఉన్న రంధ్రం చూడండి. అందులో పెట్టి, రికార్డు మీటా పాజ్ మీటా కలిపి నొక్కండి. రికార్డు చెయ్యబోతున్నాననుకుని సెట్టు చెవి విప్పుతుంది. పాజ్ ఉంది కాబట్టి టేపు తిరగదు. మాట మాత్రం స్పీకర్లో మోగుతుంది. పాటేమో ఫోన్లోంచి వెనక ఆక్స్‌కిచ్చెయ్యండి. పేదోడి కారియోకీ!"

"లోపల క్యాసెట్ లేకపోతే రికార్డు మీట దిగదు కదా?"

"ఏదో ఒకటి, పనికిరానిది పెట్టండి. ఆఁ, మైకుని స్పీకర్ వైపు తిప్పకండి. తోక తొక్కిన పిల్లిలా అరుస్తుంది."

సొరుగులో పదకొండు క్యాసెట్లున్నాయి. పది ఆమెకిష్టమైన పాటలవి. వాటి జోలికి పోలేదు. పదకొండోదాని మీద బట్టలకి గుర్తు పెట్టే నీలి పెన్సిలుతో, తన చేతిరాతతోనే, ఒక మాట రాసి ఉంది. 'కొలతలు.'

పన్నెండేళ్ల కిందటి వేసవి అది. ఒక బడి మొత్తానికి యూనిఫారాలు కుట్టే పని వచ్చింది. రెండు వందల మంది పిల్లలు వీధి మలుపు దాకా వరసలో నిలబడ్డారు. ఒక్కొక్కరి కొలతా కాగితం మీద రాస్తూ కూర్చుంటే తెల్లారేటట్టు లేదని, ఈ మైకునే ఈ సెట్టుకే పెట్టి, కొలతలన్నీ క్యాసెట్‌లోకి చెప్పించి, తర్వాత ఒక్కొక్కటే వింటూ బట్ట కత్తిరించాడు. ఆ పిల్లలకిప్పుడు మీసాలొచ్చాయి. కొందరికి పిల్లలు కూడా పుట్టి ఉంటారు. ఆ భుజాలు, ఆ నడుములు ఇప్పుడు లోకంలో ఎక్కడా లేవు. పనికిరానిదంటే ఇంతకన్నా ఏముంటుంది?

క్యాసెట్ పెట్టినా మీట దిగలేదు. అరగంట కుస్తీ పట్టాక కారణం తెలిసింది. క్యాసెట్ వెనక మూలన ఉండే చిన్న పలుకు విరిచి ఉంది. అది విరిస్తే దాని మీద ఇంకేదీ రికార్డు కాదు. పని పూర్తయ్యేలోగా పొరపాటున చెరిగిపోకూడదని అప్పట్లో తనే విరిచాడు. ఇప్పుడు ఆ గుంట మీద బట్టలకి అంటించే జిగురు పట్టీ ముక్క ఒకటి అతికించాడు. మీట బుద్ధిగా దిగింది. పాజ్ మీట మాత్రం పాతబడి నిలవడం లేదు. కాలర్లో పెట్టే బిరుసు గుడ్డ ముక్కని నాలుగు మడతలు పెట్టి దాని సందులో దోపాడు. నిలిచింది. తన పనితనానికి తనే ఒక్క నిమిషం మురిసిపోయాడు.

ఆదివారం మధ్యాహ్నం మరదలు వచ్చింది. అక్కకి తల దువ్వి, మిషను పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. కిటికీలోంచి వచ్చే వెలుగులో దారాల పొడి తేలుతోంది. ఫోన్లోంచి పాత సినిమా పాట ఒకటి, గాయకుల గొంతు తీసేసి సంగీతం మాత్రం మిగిల్చినది, స్పీకర్లలో మొదలైంది. మనుషులు ఖాళీ చేసి వెళ్లిపోయిన ఇంట్లా ఉంది ఆ పాట.

ముందు నువ్వు పాడి చూపించమంది మరదలు. అతను జీవితంలో మొదటిసారి పాడాడు.

"బావా, అది పాటా? పాత లైనింగు చింపుతున్నావా?"

"నువ్వు పాడు మరి."

"నేను పాడితే అక్కకి ఉన్న ఆ ఒక్క మాటా పోతుంది."

మైకు ఆమె చేతికిచ్చారు. ఆమె తలకిందులుగా పట్టుకుంది. సరిచేశారు. స్పీకర్ వైపు తిప్పింది. గదంతా కీచుమంది. ఆమె ఉలిక్కిపడి, "సరే" అంది. ఆ సరే రెండు స్పీకర్లలోంచి, గది అంత పెద్దదై వచ్చింది. ఆమె వెనక్కి తిరిగి, ఎవరన్నారా అని చూసింది.

పాట మళ్లీ పెట్టారు. మళ్లీ పెట్టారు. అతను ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఇదిగో, ఇక్కడ మొదలు. నాతో పాటు అను. ఒక్క మాట."

"సరే."

"సరే కాదు. ఆకాశం అను. ఆ... కా..."

"సరే."

"పోనీ తిట్టు నన్ను. ఏదో ఒకటి తిట్టు. ఈ మనిషికి నోట్లో నాలుక లేదు అనేదానివి కదా. అను."

"సరే," అందామె, ఎంతో మెత్తగా.

అరగంట గడిచింది. మరదలు కిటికీ దగ్గరికి పోయి వీధిలోకి చూస్తూ ముక్కు తుడుచుకుంది. పాట అయిపోయింది, ఎవరూ మళ్లీ పెట్టలేదు. అతను మైకు తీసుకుందామని వంగాడు. మెడలో వేలాడే కొలత టేపు జారి ఆమె ఒళ్లో పడింది. ఆమె దాని కొస పట్టుకుంది. అంకెల వైపు చూసింది. మైకుని గడ్డం కిందికి, కాస్త ఏటవాలుగా తెచ్చుకుంది.

"భుజం," అంది.

స్పష్టంగా. ఆమె గొంతే. ఆ తొందర, ఆ అంచు, చివర కత్తిరించినట్టు ఆపడం. రెండు స్పీకర్లూ ఆ మాటని గది నిండా పరిచాయి.

"అక్కా!" అని మరదలు అరిచింది. "బావా, విన్నావా! మాటొచ్చింది!"

అతను విన్నాడు. కాని అతని కళ్లు ఆమె మైకు పట్టుకున్న తీరు మీదే ఆగిపోయాయి. మైకుని అలా ఎవరూ పట్టుకోరు. పన్నెండేళ్ల కింద ముక్కాలిపీట మీద కూర్చుని ఆమె అలా పట్టుకుంది. అతను పిల్లాడి వీపు మీద టేపు పరిచి, అంకె మీద బొటనవేలు పెట్టేవాడు. ఆమె ముందుకు వంగి ఆ అంకె చదివి మైకులో చెప్పేది. భుజం పదమూడు. ఛాతీ ఇరవై ఆరు. తరువాతి వాడు రా. అతను చెప్పలేదు, ఒక్క అంకె కూడా. ఎలా చెబుతాడు? నోట్లో సూదులున్నాయి.

అతను సెట్టు వైపు తిరిగాడు. మడత పెట్టిన గుడ్డ ముక్క నేల మీద పడి ఉంది. గాజు తలుపు వెనక రెండు చక్రాలూ తిరుగుతున్నాయి.

ఎంతసేపటి నుంచి తిరుగుతున్నాయో టేపే చెప్పింది. మీట ఆపి వెనక్కి తిప్పి పెట్టాక మొదట వినపడింది అతని గొంతే. "హలో. హలో. వినపడుతోందా?" తర్వాత అతని పాట. మరదలి ఎగతాళి. కీచుమన్న శబ్దం. ఆ... కా... తిట్టు నన్ను. సరే. సరే. ముప్పై ఏళ్లు మాట్లాడని మనిషి అరగంట ఆపకుండా మాట్లాడాడు, సరిగ్గా ఆమె గొంతు ఉన్న చోటు మీద కూర్చుని.

"ఏమైంది బావా? ఆ ముఖమేంటి?"

అతను క్యాసెట్ డబ్బా చూపించాడు.

"కొలతలు అని రాసుంది. కొలతలే అనుకున్నా."

మరదలు ఆ అక్షరాలు చదివింది. ఆమెకి అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. అర్థమయ్యాక తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"మా అక్క కాక ఇంకెవరు చెప్పారు బావా, ఆ కొలతలు?"

స్పీకర్లో "భుజం" వచ్చింది. మరదలి అరుపు వచ్చింది. మీట ఆపిన టక్కుమన్న శబ్దం వచ్చింది. ఆ టక్కు తర్వాత, అకస్మాత్తుగా, ఇంకో మధ్యాహ్నం మొదలైంది. పిల్లల గోల, ఫ్యాను చప్పుడు. ఆ గోల మీద గొంతు.

"ఒరేయ్, ఊపిరి బిగబట్టకురా! నీ పొట్టనెవరూ ఎత్తుకుపోరు. మామూలుగా నిలబడు. ఆఁ. నడుము ఇరవై రెండు. ఏమండీ, వీడికి పొడవు ఎంత పె"

టేపు ఆ వైపు అంతటితో అయిపోయింది. మీట దానంతటదే పైకి లేచింది. రెండో వైపు తిప్పి చూశారు. ఖాళీ. చివర మిగిలిన నలుగురైదుగురి కొలతలు ఆ రోజు కాగితం మీదే పడ్డాయి.

ఆమె ఆ గొంతు విని తలుపు వైపు చూసింది, ఎవరో వచ్చారనుకుని. ఎవరూ లోపలికి రాకపోయేసరికి తల తిప్పుకుని, ఒళ్లో ఉన్న కొలత టేపు చివర్లు సరిచూసుకుంది.

మెకానిక్ ఫోన్లో ఒక్క మాటలో తేల్చేశాడు. "దాని మీద ఇంకోటి పడ్డాక కింద ఏమీ ఉండదు మాస్టారూ. తుడిచిన పలక." విరిగిన పలుకు గుంట సంగతి విని, "అది ఎవరు మూశారు?" అని అడిగాడు. అతను ఫోను పెట్టేశాడు.

డాక్టరమ్మ ఆ కొద్ది క్షణాలూ మూడుసార్లు విన్నది. భార్యకి వినిపించింది. ఆమె మళ్లీ తలుపు వైపు చూసింది.

"ఇంకా ఉందా మాస్టారూ?"

"ఇంతేనండీ."

"మొత్తం ఎంతుండేది?"

"రెండు వందల మంది పిల్లలండీ," అన్నాడు.

డాక్టరమ్మ అట్టల దొంతర దగ్గరికి లాక్కుంది. తర్వాత కొత్త మాట రావడం మంచిదేనంది. కప్పు బొమ్మ ఉన్న అట్ట చూపించింది.

"భుజం," అంది ఆమె.

తాళంచెవి. "భుజం." కుర్చీ. "భుజం." చెట్టు చూపించినప్పుడు కొంచెం తడబడింది. అతను కుర్చీలో ముందుకు జరిగాడు. "భుజం," అంది.

వచ్చింది కొత్త మాట కాదు. ఉన్న మాట పోయి దాని చోట్లో ఇది కూర్చుంది. సరే మళ్లీ వినపడలేదు. ఆకలేస్తోందా అంటే భుజం. నొప్పిగా ఉందా అంటే భుజం. సెట్టుకి మైకు పెట్టి వారానికి రెండు రోజులు పాటలు పెడుతూనే ఉన్నాడు, ఈసారి లోపల పాటల క్యాసెట్ ఒకటి బలిచ్చి. మాట గట్టిగానే మోగుతుంది. మాట అదే.

"సరే అన్నప్పుడే నయం బావా," అంది మరదలు ఒకరోజు, బయల్దేరుతూ. "ఏదో ఒప్పుకున్నట్టన్నా ఉండేది."

ఏడాది నిండిన వారం ఎవరూ దాని ఊసెత్తలేదు. డాక్టరమ్మ ఇక నెలకోసారి వస్తే చాలంది. ఆ మధ్యాహ్నం వాన పడుతోంది. అతను ఎవరిదో చొక్కాకి చేతులు అతుకుతున్నాడు. మిషను ఆపినప్పుడు, ఎవరూ ఏమీ అడక్కుండానే, ఆమె అంది.

"భుజం."

మైకు లేదు. పాట లేదు. అతని వైపే చూస్తోంది. ఆ చూపులో ఒక ఎదురుచూపు ఉంది, పని మధ్యలో ఆగితే ఉండేలాంటిది. అతను లేచి, మెడలోంచి టేపు తీసి, ఒక కొస ఎడమ భుజం ఎముక మీద పెట్టుకుని, రెండో కొసని వీపు మీదుగా కుడివైపుకి లాగబోయాడు. ఎంత పనివాడైనా తన భుజం తను సరిగ్గా కొలుచుకోలేడు. ఇంకో మనిషి కావాలి. అద్దం ముందు నిలబడి, మెడ తిప్పి, అందినంత మేరకు చదివాడు. ఒకప్పుడు పద్దెనిమిది ఉండేది.

"పదిహేడు," అన్నాడు.

ఆమె వింది. అతను ఆగాడు. వరసలో దీని తర్వాత వచ్చే మాట ఏదో అతనికి తెలుసు. ఆమె పెదవుల వైపు చూస్తూ టేపు ఛాతీ చుట్టూ తిప్పి పట్టుకున్నాడు. వాన హోరున కురుస్తోంది. ఆమె నోరు తెరిచింది.

"భుజం," అంది.

అతను ఛాతీ మీంచి టేపు తీసి, మళ్లీ ఎడమ భుజం మీద పెట్టుకున్నాడు.